లేవకూడని రోజులు

కాలేయంలో చీముగడ్డ ఏర్పడిన రోగి విషయంలో, నేను ఉద్యోగంలో చేరిన కాలాన, నర్సు చేయవలసిన పని ముఖ్యంగా ఒక్కటే: అతణ్ణి మంచం మీద నుంచి లేవనీయకపోవడం. సూదిమందు ఇవ్వడం, నాడి చూడడం, తడిసిన పక్కబట్టలు మార్చడం, లోపలికి పోయిన ద్రవానికీ బయటికి వచ్చిన ద్రవానికీ లెక్క రాయడం, ఇవన్నీ ఉండేవి. వీటిలో ఏది తప్పినా మరునాడు సరిదిద్దుకోవచ్చు. రోగి లేచి నిలబడ్డాడంటే, కొందరికి ఆ మరునాడు ఉండేది కాదు.

ఇప్పుడు నర్సింగు చదువుతున్న పిల్లలకు ఈ మాట వింతగా తోస్తుంది. ఇప్పుడు మాత్రలు వచ్చాయి. రోగి మాత్ర మింగి, నోరంతా చేదుగా ఉందని విసుక్కొని, సాయంత్రానికి వరండాలో పచార్లు చేస్తాడు. నేను చెబుతున్నది యుద్ధకాలపు మాట. బెంగళూరులో బియ్యమూ కిరోసినూ రేషను చీటీల మీద దొరుకుతున్న రోజులవి. ఆ రోగానికి మా చేతిలో ఉన్న మందు ఎమెటిన్. అది గడ్డకు కారణమైన క్రిమిని చంపుతుంది. రోగి గుండెనూ నీరసపరుస్తుంది. ఇచ్చిన మందు ఇచ్చినట్టే ఒంట్లో పేరుకొంటుంది. జ్వరం దిగి, ఆకలి పుట్టి, రోగి తనకేమీ లేదని నవ్వుతూ చెప్పే రోజులలోనే అతని గుండె అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. ఆ నవ్వును నమ్మకుండా ఉండడం మా చదువులో సగం.

నేను తేదీ వేయనిదే ఒక వాక్యమైనా రాయని మనిషిని. ఈ వ్యాసంలో మాత్రం తేదీలు వేయడం లేదు. పదోన్నతులకూ బదిలీలకూ తేదీలు కావాలి. వాటిని గురించి నాకు చెప్పవలసింది ఏమీ లేదు.

భుజం నొప్పి

గడ్డ ఉండేది కుడివైపు పక్కటెముకల కింద. రోగి నొప్పి చెప్పేది చాలాసార్లు కుడి భుజంలో. కాలేయం ఉబ్బి పైనున్న పొరను నొక్కితే, అక్కడి నరం ఆ బాధను భుజం మీదికి చేరవేస్తుంది. ఈ సంగతి పుస్తకంలో ఒక వాక్యం. మా పేటలో అది ప్రాణాంతకమైన తికమక.

పేట అంటే మా ఇల్లున్న చోటు. పాత బెంగళూరులో మగ్గాల వీధులన్నీ ఒకదానినొకటి ఆనుకొని ఉండేవి. పట్టునేత పనివాడు పొద్దున మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటే వెలుతురు పోయేదాకా పేక దారాన్ని అటూ ఇటూ మోసే నాడెకు కట్టిన తాడు కుడిచేత్తో లాగుతూనే ఉంటాడు. అతనికి కుడి భుజం నొప్పి అంటే ఎవరికీ అనుమానం రాదు. కుస్తీలు నేర్పే గరిడి ఇంటికి తీసుకొనిపోయి ఉస్తాదు చేత నూనె పట్టించి రుద్దిస్తారు. భుజం ఎర్రబడేదాకా రుద్దుతారు. నెల తిరిగేసరికి మనిషి సగమై, సాయంత్రం చలితో వణికి, తెల్లవారుజామున చెమటతో చాప తడిసి, అప్పుడు జట్కాలో మా దగ్గరికి వస్తాడు.

అలాంటివాణ్ణి గుర్తుపట్టడం నాకు నేర్పింది మా వార్డు పెద్ద, సిస్టర్ మార్తా. ఆమె కోలారు బంగారు గనుల దగ్గర పుట్టిన తెలుగు మనిషి. కుడి మోచేతిని పక్కకు ఆనించుకొని, కుడివైపుకే కొద్దిగా వంగి, దగ్గు వస్తుందేమోనని భయపడుతూ నడిచే రోగి కనిపిస్తే, నోరు విప్పక ముందే మంచం సిద్ధం చేయమనేది. పక్కటెముకల సందులలో ఒక్క వేలికొనతో మెల్లగా నొక్కుకొంటూ పోవాలి. గడ్డకు సూటిగా పైన ఉన్న చోటు తగలగానే రోగి ఊపిరి ఆగుతుంది. "అడగొద్దు, మొహం చూస్తూ నొక్కు" అనేది. మా పెద్ద డాక్టరుగారు అరచెయ్యి మొత్తం ఆనించి, "నొప్పా?" అని గట్టిగా అడిగేవారు. ఆయన గొప్ప శస్త్రవైద్యుడు; గడ్డలోకి సూది దించడంలో ఆయనకు సాటి లేరు. కాని భయపడిన రోగి "లేదు స్వామీ" అంటాడని ఆయనకు చివరిదాకా తెలియలేదు. గొప్పవాళ్ళ దగ్గర పనిచేసేటప్పుడు వాళ్ళకు రానిది ఏదో కనిపెట్టి, దాన్ని మనం చేసుకొనిపోవాలి. వాళ్ళకు చెప్పి ప్రయోజనం లేదు.

బెల్లం శెట్టిగారు

నేను చేరిన కొత్తలో బెల్లం మండీ నడిపే శెట్టిగారొకరు వచ్చారు. మంచి మనిషి. గడ్డలోని చీము తీశారు, సూదులు నడుస్తున్నాయి, జ్వరం దిగింది. లేవకూడదని డాక్టరు చెప్పారు, సిస్టర్ చెప్పింది, నేనూ రోజూ చెప్పాను. ఆయన ప్రతిసారీ బుద్ధిగా తల ఊపేవారు. మంచం దిగి మూత్రానికి పోవడం గాని, కిటికీ దగ్గరికి నడవడం గాని ఒక్కనాడూ చేయలేదు. చెప్పిన మాట వినే రోగి అని ఆయన్ను మిగతావారికి చూపించేవాళ్ళం.

ఒక సాయంత్రం, చూడవచ్చేవారి వేళ, హిందూపురం నుంచి ఆయన మేనమామ వచ్చారు. పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే. వార్డు గుమ్మంలో తలపాగా కనిపించగానే శెట్టిగారు కాళ్ళు కిందికి దించి, లేచి నిలబడి, చేతులు జోడించారు. "రా మామా" అన్నారు. రెండో మాట రాలేదు. నేను పక్క మంచం దగ్గర దుప్పటి మడతపెడుతున్నాను. చేరేలోపల ఆయన నేలమీద ఉన్నారు. నాడి అందలేదు.

ఆయన మా మాట మీరలేదు. లేవకూడదంటే నడవకూడదని, తిరగకూడదని ఆయన అర్థం చేసుకొన్నారు. పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడడం ఆయన లెక్కలో ఒక పని కాదు; కన్నుకు రెప్ప పడడం వంటిది. మామగారు ఎదురుగా ఉండగా పడుకొని ఉండడమే ఆయనకు చేతకాని పని.

సిస్టర్ మార్తా ఆనాడు ఎవరినీ తిట్టలేదు. శుభ్రం చేయడం ముగిసిన తర్వాత చేతులు కడుక్కొంటూ, రోగికి చెప్పాము గాని వచ్చేవాళ్ళకు చెప్పలేదు అని మాత్రం అన్నది. మరునాడు పొద్దున్నే మా చేత ఆ వరస మంచాలన్నీ తిప్పించింది. అంతకు ముందు రోగుల కాళ్ళు గుమ్మం వైపు ఉండేవి. ఇప్పుడు తలలు గుమ్మం వైపు వచ్చాయి. వచ్చేది ఎవరో రోగికి కనిపించదు. పెద్దలెవరైనా వస్తే మేము ఎదురుపోయి, చెప్పి, తీసుకొనిరావచ్చు. వరస చెడిందని పైఅధికారి ఒకాయన ఆక్షేపించాడు. ఆయన తనిఖీకి వచ్చే పూట మంచాలు మామూలుగా ఉండేవి. ఆయన మెట్లు దిగగానే మళ్ళీ తిరిగేవి. రోగులు ఈ ప్రదక్షిణానికి అలవాటు పడ్డారు. "తేరు కదిలిందప్పా" అని నవ్వుకొనేవారు.

రోగి ఎవరిని చూస్తే లేస్తాడో మొదటి రోజే కనుక్కోవాలి. ఇది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు.

మునెప్పన్న

నేను ఈ పనికి వచ్చింది మా నాయన ఇష్టానికి విరుద్ధంగా. మిషను బడిలో ఇంగ్లీషు అక్షరాలు నేర్చినదాన్ని. యుద్ధం వచ్చి ఆసుపత్రులలో చదువుకొన్న ఆడపిల్లలు కావాలన్నప్పుడు పేరిచ్చాను. నాయన పేటలో మగ్గాలున్న యజమాని. వీధిలో అందరూ ఆయన్ను పెద్దాయన అనేవారు. మగోళ్ళ మలం ఎత్తే పనికి పోతే ఈ గడప తొక్కొద్దు అన్నాడు. అన్నమాట అన్నట్టే ఉంచుకొన్నాడు. ఆసుపత్రి మేడ మీద నుంచి మా వీధి మిద్దెలు కనిపించేవి. పండగల కబురు తెలిసేది, ఎవరింట్లో ఏమి జరిగిందో తెలిసేది. నాయన గొంతు మాత్రం నాలుగేళ్ళు వినలేదు.

అలాంటి రోజులలో ఒక మధ్యాహ్నం మునెప్పన్నను జట్కాలో తెచ్చారు. అతను మా మగ్గాలమీద పెరిగిన పనివాడు. జరీ అంచు పనిలో నాయన తర్వాత అతనే. నా చిన్నతనంలో కరగ ఉత్సవం చూపించడానికి నన్ను కుడి భుజం మీద ఎక్కించుకొని జనంలో నిలబడినవాడు. ఆ భుజాన్నే గరిడి ఇంట్లో నెల రోజులుగా రుద్దుతున్నారట. చొక్కా విప్పితే భుజం కమిలి ఉంది. పక్కటెముకల కింద వేలు పెట్టగానే అతని ఊపిరి ఆగింది. నేను మొహం చూస్తూనే ఉన్నాను.

ఆ స్థితిలో కూడా అతని నోరు ఊరుకోలేదు. "రుక్కమ్మా, నీ చేతికి చిక్కితిని గదమ్మా. చిన్నప్పుడు నీ చీమిడి తుడిచిన పాపం ఇప్పుడు నాకు తగులుకోనుండాది" అన్నాడు.

పెద్ద డాక్టరుగారు గడ్డలోకి పొడుగాటి సూది దించి సిరంజితో చీము లాగారు. ఆ సమయంలో రోగి దగ్గకూడదు, గట్టిగా ఊపిరి పీల్చకూడదు. అతని తల పట్టుకొని, కళ్ళలోకి చూస్తూ, మాటలతో నిలిపి ఉంచడం నర్సు పని. వచ్చిన చీము ఎర్రమట్టి కలిసిన గోధుమరంగులో, చిక్కగా, ఏ వాసనా లేకుండా ఉంటుంది. వాసన లేకపోవడం మంచి గుర్తు. మునెప్పన్న పట్టుపట్టి ఆ గిన్నె చూశాడు. "ఇదేమమ్మా, రాగి అంబలి మాదిరి ఉండాది" అన్నాడు. ఆ తర్వాత ఏడాదిదాకా వాళ్ళింట్లో రాగి అంబలి కాచలేదని అతని భార్య గౌరమ్మ చెప్పింది.

అసలు యుద్ధం బెడ్‌పాను దగ్గర వచ్చింది. పెరిగిన ఇంటి ఆడపిల్ల చేత ఆ పని చేయించుకోవడం కన్నా చావడం మేలన్నాడు. చస్తే కూడా నేనే తుడవాలి, బతికుండగా తుడిస్తే నాకు పని తక్కువ అన్నాను. చాలాసేపు పైకప్పు చూసి, "నీకు నోరు జాస్తి. మీ నాయన పోలిక" అన్నాడు. అంతటితో లొంగిపోయాడు.

కొత్తగా వచ్చే పిల్లలకు ఒక మాట. పళ్ళెం మీద గుడ్డ కప్పి తీసుకొనిపోవడం, తెర పూర్తిగా లాగడం, ఆ సమయంలో వేరే సంగతేదో మాట్లాడుతూ ఉండడం, ఇవి మర్యాదలే కాదు, వైద్యం కూడా. సిగ్గుపడిన రోగి మీరు చూడనప్పుడు లేస్తాడు.

తెర వెనుక

మందు సగం రోజులు గడిచాక గౌరమ్మ ఒక కబురు చెప్పింది. పెద్దాయన రేపు చూడడానికి వస్తానన్నాడట. పనివాడు మంచాన పడితే యజమాని పోయి పలకరించకపోవడం మా వీధిలో లేదు.

నాకు మొదట తోచింది నాయన రాక కాదు, మునెప్పన్న గుండె. మంచాలు తిప్పినా లాభం లేదు. మా ఇంట్లో నాయన అడుగు చప్పుడుకే, దగ్గుకే కూర్చున్నవాళ్ళు లేచేవారు. కనిపించనక్కరలేదు. ఆ పొద్దున మునెప్పన్న నాడి అంతకు ముందు రోజుకన్నా వేగంగా, పలచగా ఉంది, రక్తపోటు దిగింది. డాక్టరుగారు మందు మోతాదు తగ్గించి, తల కూడా ఎత్తనివ్వొద్దని రాశారు. మునెప్పన్నకేమో ఒళ్ళు తేలికయింది. కంటినిండా ప్రాణం వచ్చింది. ఎప్పుడు ఇంటికి పంపుతారని పూటపూటా అడుగుతున్నాడు. శెట్టిగారిని చూసినదాన్ని గనక అతను బాగున్న కొద్దీ నాకు భయం పెరుగుతోంది.

సిస్టర్‌కు చెప్పాను. వస్తున్నది నాకెవరో ఆమెకు తెలుసు. ఆ వేళకు గుమ్మం దగ్గర నేనే నిలబడాలన్నది.

నాయన వచ్చాడు. నల్లకోటు, తలపాగా, జుట్టు నేననుకొన్న దానికన్నా నెరిసింది. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపల అడుగు పెట్టబోతున్నాడు.

"లోపలికి రావద్దు నాయనా" అన్నాను.

నాలుగేళ్ళ తర్వాత మాట్లాడిన మొదటి మాట అది. ఇంకే మాటైనా అయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకొంటాను.

ఆయన నా వైపు చూడలేదు. నా ఏప్రను అంచు చూశాడు. వేరే ఏ రోగి బంధువుకు చెప్పినా ఎలా చెబుతానో అలాగే, మీరు అని సంబోధిస్తూ, మందు గుండెను ఏమి చేస్తుందో చెప్పాను. మిమ్మల్ని చూస్తే అతను లేస్తాడు, మీ గొంతు విన్నా లేస్తాడు, లేస్తే బతకకపోవచ్చు అన్నాను. నా గొంతు తొట్రుపడకుండా చెప్పగలిగానని తర్వాత సిస్టర్ అన్నది. ఆయన వెనక్కి తిరిగి పోతాడనుకొన్నాను. పోలేదు. అడుగుల చప్పుడు కాకుండా వచ్చి, మునెప్పన్న తల వెనుక ఉన్న గుడ్డతెర చాటున గోడకు ఆనుకొని నిలబడ్డాడు. అవతల గౌరమ్మతో మునెప్పన్న ఏదో వాదిస్తున్నాడు, నాయన వింటున్నాడు. వేళ ముగిసిందని గంట కొట్టేదాకా నిలబడి, వచ్చినట్టే వెళ్ళిపోయాడు.

మరునాడు మళ్ళీ వచ్చాడు. ఆ మరునాడు కూడా.

సిస్టర్ ఆ వేళకు నా పని ఆ మూలనే వేసింది. రోగి మీద ఒక కన్ను ఉంచాలన్నది సాకు. తెర వెనుక చోటు ఇరుకు. నాయన పక్కన చెయ్యెడు దూరంలో నిలబడేదాన్ని. పట్టుకు పెట్టే గంజి వాసన, ముక్కుపొడి వాసన, ఇంటి వాసన. ఆయన మాట్లాడకూడదు, నేను మాట్లాడలేను. మునెప్పన్న కోసం ఆయన మౌనంగా ఉండేవాడు. నాలుగేళ్ళ మౌనానికీ ఈ మౌనానికీ తేడా నాకు బాగా తెలిసేది. ఈ మౌనంలో నాకూ చోటుంది.

ఒకనాడు ఆయన అక్కడ ఉండగానే మునెప్పన్నకు బెడ్‌పాను అవసరమైంది. నేను తెర దాటి వెళ్ళి, పని ముగించి, పళ్ళెం మీద గుడ్డ కప్పి, నాయన ముందు నుంచే తీసుకొనిపోయాను. మరో దారి లేదు. ఆయన మొహం తిప్పుకొంటాడని ఎదురుచూశాను. తిప్పుకోలేదు. దారికి అడ్డంగా ఉన్న స్టూలును కాలితో పక్కకు జరిపాడు.

గుంట

ముక్కుపొడి పీల్చేవాడు ఎంతకాలం తుమ్మకుండా, దగ్గకుండా ఉండగలడు?

ఒక సాయంత్రం నాయనకు దగ్గు వచ్చింది. అరచేతిలో అదుముకొన్నా చిన్న శబ్దం బయటపడింది. తెర అవతల మాట ఆగింది. నేను వెళ్ళేసరికి మునెప్పన్న రెండు మోచేతులూ మంచానికి ఆనించి తల ఎత్తాడు. ఛాతీమీద చెయ్యి వేసి అదిమిపట్టాను. రోగంతో సగమైన మనిషిలో ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, నన్ను తోసేస్తున్నాడు. వద్దని బతిమాలాను.

"పెద్దాయన నిలబడుకోనుంటే నేను పండుకోనుండేదా? చెయ్యి తియ్యమ్మా" అన్నాడు.

నా అరచేతి కింద అతని గుండె క్రమం తప్పి కొట్టుకొంటోంది. ఒక కాలు అప్పటికే మంచం అంచు దాటింది.

నాయన తెర తప్పించుకొని ఎదురుగా వచ్చాడు. గొంతు పెంచలేదు. మగ్గాల గదిలో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"గుంటలో ఉండేవాడు లేస్తాడేమిరా?"

మునెప్పన్న ఆగాడు.

"ఈ బిడ్డ పడుగు పట్టుకోనుండాది. నడుమ లేస్తే గీత పడతాదని నీకు నేను కొత్తగా చెప్పాల్నా? పండుకో. పని ముగిసినాక లేద్దువు."

మగ్గాల వీధిలో పుట్టనివారికి ఇది వివరించాలి. గుంటలో కాళ్ళు పెట్టుకొని నేస్తున్నవాడు ఎవరు వచ్చినా లేవడు. యజమాని వచ్చినా, పెళ్ళి పిలుపుకు వచ్చినా, దొర వచ్చినా లేవడు. నడుమ లేస్తే పేక వదులై బట్టకు అడ్డంగా గీత పడుతుంది; ఆ చీర ఇంక ఎవరూ కొనరు. అందుకని మగ్గం ముందు కూర్చున్నవాడికి ఆ మర్యాద నుంచి మినహాయింపు ఉంది. వచ్చినవాడే గుంట పక్కన కింద కూర్చుని, నేతగాడు చెయ్యి ఆపి తల ఎత్తేదాకా కాచుకోవాలి. ముందే వెళ్ళిపోతే అది మగ్గానికి అవమానం. నేను ఆ ఇంట్లో పుట్టి, ఈ మాట ఎరిగి, అన్ని రోజులూ అది నాకు తోచలేదు. మునెప్పన్నకు అతని భాషలో ఎవరూ చెప్పలేదు. వద్దు అని మాత్రం చెప్పాము.

మునెప్పన్న కాలు లోపలికి తీసుకొని మెల్లగా పడుకొన్నాడు. నాయన అంతటితో ఆగలేదు. పంచె సర్దుకొని, ఫినాయిలు తడి ఆరని నేలమీద, మంచం పక్కన కూర్చున్నాడు. ఆయన తల మునెప్పన్న తలకన్నా కిందికి వచ్చింది. మునెప్పన్న కళ్ళ నుంచి నీళ్ళు చెవులలోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తకూడదు గనక నేను తుడిచాను. నాయన అతనికి జరీ ధర గురించి, కొత్తగా వచ్చిన పనివాడి సోమరితనం గురించి చెబుతూ కూర్చున్నాడు. నేను మణికట్టు పట్టుకొని నిలబడ్డాను. నాడి నెమ్మదిగా దారికి వచ్చింది.

ఈ బిడ్డ, అన్నాడు ఆయన. నా బిడ్డ అనలేదు. అయినా ఆ మాటను నేను ఎన్నిసార్లు తలచుకొన్నానో లెక్క పెట్టలేదు. లెక్క పెట్టకుండా వదిలినవి నా జీవితంలో చాలా తక్కువ.

మంచం ఖాళీ అయిన తర్వాత

అటు తర్వాత నాయన తెర వెనుక నిలబడలేదు. వచ్చి నేలమీద కూర్చొనేవాడు. రెండోసారి చీము తీయవలసి వచ్చింది. ఈసారి కొద్దిగానే వచ్చింది. మందు ఆగింది. ఆగిన తర్వాత కూడా చాలా రోజులు పడుకోబెట్టే ఉంచాము. తర్వాత ఒక దిండు, తర్వాత రెండు దిండ్లు, తర్వాత కాళ్ళు కిందికి. అతణ్ణి లేపి నిలబెట్టిన రోజు నా భుజం పట్టుకొని నిలబడ్డాడు. నాయన కూడా లేచాడు. మునెప్పన్న వంగబోతే, చాలు అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. గౌరమ్మ మూటలు కట్టుకొంది. ముగ్గురూ మెట్లు దిగిపోయారు.

రోగి నడిచి ఇంటికి పోవడం కన్నా నర్సుకు కావలసింది లేదు. నేను ఇన్నేళ్ళు పిల్లలకు అదే చెప్పాను, అందులో అబద్ధం లేదు. కాని ఆ సాయంత్రం చూడవచ్చేవారి వేళకు నేను పోయి ఆ మూలనే నిలబడ్డాను. మంచంమీద కొత్త రోగి ఉన్నాడు. తెర మడిచి గోడకు చేర్చి ఉంది. సిస్టర్ మార్తా దూరం నుంచి చూసి, చాలాసేపు పిలవలేదు.

ఇప్పుడు నేను యలహంకలో ఉంటున్నాను. పదవీవిరమణ తర్వాత ఒకసారి పేటకు పోయి చూశాను. మా ఇంటి ముందుభాగం అంగడి అయింది. మగ్గం గుంటలు పూడ్చి పైన నాపరాయి పరిచారు. సిస్టర్ లేదు, నాయన ఎప్పుడో పోయాడు, మునెప్పన్న కూడా ముసలివాడై నిద్రలో పోయాడు. ఎమెటిన్ సీసా చూసిన నర్సులు కూడా తగ్గిపోతున్నారు. పోనీ, అది పోవలసిన మందే. దాని వెంట పోయిన ఆ సాయంత్రాలు మాత్రం నాకు కావాలి.

మునెప్పన్న మళ్ళీ మగ్గం ఎక్కిన తర్వాత ఒక సెలవు పూట నేను మా వీధికి పోయాను. అతని భుజం చూసి రావాలన్నది నాకు నేను చెప్పుకొన్న కారణం. అతను పని మీద బయటికి పోయాడు. వీధి గదిలో నాయన తానే గుంటలో కూర్చొని నేస్తున్నాడు. ఆ గడప తొక్కొద్దన్న మాట అలాగే ఉంది. నేను బయట, గడప ఇవతల నిలబడ్డాను. ఆయన తల ఎత్తలేదు. నేనొచ్చినట్టు తెలుసు; నా నీడ బట్టమీద పడితే కొద్దిగా పక్కకు జరిగాను.

కాచుకొన్నాను. మామూలుగా నేతగాడు వచ్చినవారి కోసం కాసేపటికి నాడె పక్కన పెడతాడు. నాయన పెట్టలేదు. అంచులో ఒక వరస ముగిసింది, మరొకటి ముగిసింది. నడుమ వెళ్ళిపోవడం నాకు తగదు. ఆయన ఆపనంతకాలం నేను అక్కడ ఉండవలసిందే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. మధ్యాహ్నం ఎండ గోడ ఎక్కి, మిద్దె దాటిపోయింది. వెలుతురు తగ్గిన తర్వాతనే ఆయన చెయ్యి ఆపాడు.

"మునెప్పకు చెయ్యి బాగుండాదంట" అన్నాడు, బట్టను చూస్తూనే.

"బాగుండాదంట నాయనా" అన్నాను.



"పొద్దుబోయె. పనికి పో" అన్నాడు. "పండుకోనుండేవాళ్ళు నీకోసరం కాచుకోనుంటారు."

నేను సరేనని వెనక్కి తిరిగాను. నాలుగిళ్ళు దాటకముందే నాడె చప్పుడు మళ్ళీ మొదలైంది. దీపం ఇంకా పెట్టలేదు. చీకట్లో పట్టు ఎవరూ నేయరు. దారం కనిపించదు, నేసినదంతా విప్పుకోవాలి. వీధి మలుపు తిరిగేదాకా ఆ చప్పుడు నా వెనుక వినిపిస్తూనే ఉంది.